సముద్రానికీ ఎరువు కావాలి

తెల్లవారింది. కాకినాడ రేవులో పడవలు ఒడ్డుకు చేరాయి. చేపలమ్మే ఆడవాళ్లు గంపలు పట్టుకుని నిలబడ్డారు. ఒకరోజు గంప నిండుతుంది. ఇంకో రోజు అడుగు కూడా నిండదు. "అంతా గంగమ్మ తల్లి దయ" అనుకుంటారు.

గంప నిండకపోవడానికి చాలా కారణాలు ఉంటాయి. వాటిలో ఒకటి ఎరువు. సముద్రానికి ఎరువేమిటి అంటారా? చూద్దాం.

గడ్డి ఉంటేనే పశువు బతుకుతుంది. సముద్రంలోనూ అంతే. అక్కడా పచ్చిక ఉంది. కానీ అది కంటికి కనబడదు. నీళ్లలో తేలే అతి చిన్న మొక్కలే ఆ పచ్చిక. వీటిని వృక్ష ప్లవకాలు అంటారు. ఇవి ఎండతో తిండి తయారు చేసుకుంటాయి. లోకంలో మొక్కలన్నీ విడిచే ప్రాణవాయువులో సుమారు సగం ఇవి విడిచిందే.

వరికి యూరియా, సూపరు వేస్తాం. యూరియాలో నత్రజని ఉంది. సూపరులో భాస్వరం ఉంది. సముద్రపు మొక్కలకూ ఆ రెండూ కావాలి. కొంచెం ఇనుమూ కావాలి. ఇవన్నీ నీళ్లలో కరిగి ఉంటాయి.

ఈ మొక్కలను చిన్న చిన్న పురుగుల్లాంటి జీవులు తింటాయి. వాటిని నెత్తళ్లు, కవళ్లు తింటాయి. నెత్తళ్లను వంజరం తింటుంది. తిన్న ప్రతి జీవీ విసర్జిస్తుంది. ఏదో ఒకరోజు చచ్చిపోతుంది. ఆ చెత్తంతా కిందికి దిగుతుంది. సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. పెంటకుప్ప చివికి ఎరువైనట్టే, అది మళ్లీ ఎరువై నీళ్లలో కరుగుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎరువేమో అడుగున, ఎండేమో పైన! సుమారు 200 మీటర్ల లోతు దాటితే మొక్కకు వెలుతురు చాలదు. మరి ఎరువు పైకి ఎలా వస్తుంది?

గాలి తెస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో విశాఖపట్నం దగ్గర నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది. అప్పుడు పైనీళ్లు ఒడ్డు నుంచి లోపలికి జరుగుతాయి. అడుగునున్న చల్లని నీళ్లు ఎరువుతో సహా పైకి వస్తాయి. తుఫాను కూడా కవ్వంలా సముద్రాన్ని చిలుకుతుంది. ఇళ్లు కూల్చిన ఆ తుఫానే కొన్నాళ్ల పాటు ఈ పచ్చికను పెంచుతుంది.

కానీ మన బంగాళాఖాతానికి ఒక ఇబ్బంది ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి. నదుల మంచినీళ్లు తేలిక. అవి ఉప్పునీళ్ల మీద మూతలా పరుచుకుంటాయి. అడుగు ఎరువును అంత తేలిగ్గా పైకి రానివ్వవు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ పచ్చిక తక్కువ.

కాబట్టి ఒడ్డు దగ్గర దొరికే ఎరువు మనకు ఎంతో విలువైనది. కొంత ఎరువును నదులే తెస్తాయి. కొంత మడ అడవులు ఇస్తాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి ఉంది. అక్కడ రాలిన ఆకులను పీతలు తింటాయి. మిగిలింది చివికి నీళ్లలో కలుస్తుంది. రొయ్య పిల్లలు, చేప పిల్లలు ఆ వేళ్ల మధ్యే పెరుగుతాయి. మడచెట్టు నరికితే పొయ్యిలోకి కట్టె వస్తుంది. కానీ గంపలోకి చేప తగ్గుతుంది.

అయితే ఎరువు ఎక్కువైనా ముప్పే. అన్నం మంచిదే, అతిగా తింటే అజీర్తి చేయదా? పొలాల ఎరువు, ఊళ్ల మురుగు ఎక్కువగా కలిస్తే ఈ మొక్కలు విపరీతంగా పెరుగుతాయి. తర్వాత చచ్చి కుళ్లుతాయి. అప్పుడు నీళ్లలో ప్రాణవాయువు అయిపోతుంది. చేపలు పారిపోతాయి, లేదా ఊపిరాడక చస్తాయి. అమెరికాలో మిసిసిపీ నది సముద్రంలో కలిసేచోట ఏటా వేసవిలో ఇదే జరుగుతోంది. 2017లో అక్కడ 22 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఇలా పాడైంది.

అందుకే పొలానికి కావలసినంత ఎరువే వేయాలి. మురుగును శుభ్రం చేశాకే వదలమని పంచాయతీని అడగాలి. మడచెట్లను కాపాడుకోవాలి. గంగమ్మకు మనం పంపిందే మన గంపలోకి తిరిగి వస్తుంది.

చెప్పుకోండి చూద్దాం:
మీ ఊరి మురుగునీరు ఎక్కడికి పోతోంది? చివరికి ఏ నదిలో, ఏ సముద్రంలో కలుస్తోంది?