గురి కుదిరిన మందు కొలత

1860 జూలై 2వ తేదీన లండను పక్కనున్న వింబుల్డన్ మైదానంలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఇంగ్లండు రాణి విక్టోరియా ఒక పట్టు తాడును మెల్లగా లాగింది. తాడు రెండో కొస రైఫిలు మీటకు కట్టి ఉంది. రైఫిలును దిమ్మె మీద కదలకుండా బిగించారు. నాలుగు వందల గజాల అవతల ఉన్న పలక నడిమధ్యకు రెండంగుళాల లోపే గుండు తగిలింది.

చూసినవారు రాణిగారిని మెచ్చుకున్నారు. నిజానికి ఆమె చేసిందల్లా తాడు లాగడమే. మెచ్చుకోవలసింది ఆ రైఫిలును చేసినవాణ్ణి. అతను మాంచెస్టరుకు చెందిన మరల పనివాడు జోసెఫ్ విట్‌వర్త్.

ఈ పేరు మన పల్లెలకు బొత్తిగా కొత్తది కాదు. వెనకటి ఇంగ్లీషు ఆయిల్ ఇంజన్లను విప్పి బిగించిన మెకానిక్కులకు ‘బి.ఎస్.డబ్ల్యు. బోల్టు’ అంటే తెలుసు. అందులో డబ్ల్యు అనే అక్షరం విట్‌వర్త్‌దే. ఒక కర్మాగారం బోల్టు మరో కర్మాగారం నట్టుకు పట్టని రోజుల్లో, 1841లో, అన్నిటికీ ఒకే మర ఉండాలని కొలతలు చెప్పినవాడు ఆయన. అంగుళంలో పది లక్షల వంతు తేడాను కూడా పట్టి చూపే యంత్రం తయారు చేశాడు. అలాంటివాడు తుపాకీ జోలికి ఎందుకు వచ్చాడన్నదే అసలు కథ.

సైన్యం చేతిలో ఎన్‌ఫీల్డు

అప్పటి ఇంగ్లీషు సిపాయి తుపాకీ ఎన్‌ఫీల్డు. మన ఏజెన్సీ ఊళ్లవారు ఎరిగిన నాటు తుపాకీలాగే దానికీ మూతి నుంచే మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. తేడా ఏమిటంటే నాటు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఎన్‌ఫీల్డు గొట్టంలో మెలి తిరిగిన గాళ్లు మూడు ఉంటాయి. గుండు ఆ గాళ్లను పట్టుకుని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే బొంగరం పడిపోదు. అలాగే తిరిగే గుండు దారి తప్పదు.

అయితే ఒక ఎన్‌ఫీల్డు కొట్టినట్టు మరొకటి కొట్టడం లేదని గొడవ వచ్చింది. 1854లో ప్రభుత్వం విట్‌వర్త్‌ను పిలిచి, తుపాకులు చేసే యంత్రాలు తయారు చేసి పెట్టమంది. గొట్టం ఎంత లావుండాలో, గాడి ఎంత మెలిక తిరగాలో ఎవరికీ లెక్క తెలియకుండా యంత్రం చేసి ఏం లాభం, ముందు అది తేలాలి అన్నాడాయన.

అందుకోసం మాంచెస్టరు దగ్గర రషోంలో అయిదు వందల గజాల పొడవున ఒక పొడవాటి సాల కట్టించాడు. గాలి పోటు లేకుండా లోపల కాల్చి చూడాలని ఆయన పట్టు. దారి పొడవునా అక్కడక్కడ పల్చటి కాగితపు తెరలు వేలాడదీశారు. గుండు ఒక్కో తెరను చిల్లి పొడుచుకుంటూ పోతే, అది ఎక్కడ వణికిందో, ఎక్కడ వంగిందో ఆ చిల్లులే చెప్పేవి. కట్టిన కొద్ది కాలానికే గాలివాన వచ్చి సాల కూలిపోయింది. మళ్లీ కట్టి 1855లో పని మొదలుపెట్టారు.

మందు పెంచకుండానే

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. విట్‌వర్త్‌కు మందు పెంచుకునే వీలు లేదు. ఎన్‌ఫీల్డు మోతాదు ఎంతో ఆయన మోతాదూ అంతే. మందు 70 గ్రెయిన్లు, అంటే సుమారు నాలుగున్నర గ్రాములు. సీసం 530 గ్రెయిన్లు, మన లెక్కలో మూడు తులాలకు కాస్త తక్కువ. ఇంత మందుతో, ఇంతే సీసంతో ఏం చేస్తావో చేసి చూపమన్నారు.

ఆయన సీసాన్ని సన్నగా, పొడుగ్గా సాగదీశాడు. ఎన్‌ఫీల్డు గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యికి 577 వంతులు. విట్‌వర్త్ దాన్ని 451 వంతులకు దించాడు. లావు గుండు గాలిని గుద్దుకుంటూ పోతుంది, సన్న గుండు చీల్చుకుంటూ పోతుంది. కాని పొడుగాటి గుండు తల్లకిందులు కాకుండా ఉండాలంటే మరింత వేగంగా తిరగాలి. ఎన్‌ఫీల్డు గాడి 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, విట్‌వర్త్ ఇరవై అంగుళాలకే ఒక చుట్టు తిప్పాడు. గాళ్లకు బదులు గొట్టం లోపలి భాగాన్నే ఆరు పలకలుగా కోశాడు.

1857 ఏప్రిల్‌లో హైత్ అనే చోట రెండు తుపాకులనూ పక్కపక్కన పెట్టి కాల్చారు. అయిదు వందల గజాల దూరంలో ఎన్‌ఫీల్డు గుళ్లు నడిమికి సగటున రెండడుగుల పైచిలుకు దూరాన పడితే, విట్‌వర్త్ గుళ్లు నాలుగున్నర అంగుళాల్లో పడ్డాయి. వెయ్యిన్నూరు గజాలకు, అంటే కిలోమీటరు దూరానికి, ఎన్‌ఫీల్డు ఎనిమిదడుగులు తప్పితే ఇది రెండడుగుల ఎనిమిది అంగుళాల లోపే ఉంది. 1,400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డుకు లెక్క కట్టడానికే వీల్లేకపోయింది. మందు అంతే, సీసం అంతే.

మసి, కొవ్వు, తిరుగుబాటు

సరిగ్గా ఆ వారాల్లోనే ఇక్కడ మన దేశంలో అదే ఎన్‌ఫీల్డు నిప్పు రాజేసింది. నల్లమందు పూర్తిగా కాలిపోయే సరుకు కాదు. దాని బరువులో సగానికి పైగా మసిగా, మడ్డిగా మిగిలి గొట్టానికి అంటుకుంటుంది. పది గుళ్లు కాల్చేసరికి పదకొండోది కిందికి దిగనని మొరాయిస్తుంది. ఆ మడ్డి మెత్తబడాలంటే గుండుకు జిడ్డు పూయాలి. తూటాకు పూసింది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పుట్టి దండు దండుకూ పాకింది. పంటితో కొరికి విప్పవలసిన తూటా మరి. తేనెమైనం, నూనె కలిపి మీ జిడ్డు మీరే పూసుకోండని దొరలు తర్వాత చెప్పినా నమ్మకం కుదరలేదు. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. మే 10న మీరట్ లేచింది. తిరుగుబాటుకు వేరే కారణాలు చాలా ఉన్నాయి గాని, తుపాకీ దట్టింపులో జిడ్డు చిన్న విషయమని ఆ తర్వాత ఎవరూ అనుకోలేదు.

విట్‌వర్త్‌ను దెబ్బ తీసింది కూడా ఆ మసే. సన్నటి గొట్టం త్వరగా పూడుకుపోతుంది. సాలలో ప్రతి గుండుకూ తుడుచుకోవచ్చు, యుద్ధంలో ఆ తీరిక ఎవరికుంటుంది? పైగా ఖరీదు ఎన్‌ఫీల్డుకు నాలుగింతలు. సైన్యం వద్దంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వారు కొన్నిటిని తెప్పించుకుని, ఏరికోరిన గురికాళ్ల చేతికిచ్చారు.

నేటికీ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊరిలో పాత తుపాకుల పందేలు జరుగుతాయి. వాటిని నడిపే సంఘం 1933లో పుట్టింది. అక్కడివారు మోతాదు కుదుర్చుకునే తీరు కంసాలి పనిలా ఉంటుంది. తక్కువ మందుతో మొదలుపెట్టి అయిదు గుళ్లు కాలుస్తారు. చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచి పుస్తకంలో రాసుకుంటారు. తర్వాత అయిదు గ్రెయిన్లు, అంటే గ్రాములో మూడో వంతు, పెంచి మళ్లీ అయిదు. ఒక కొలత దగ్గర చిల్లులు గుమిగూడతాయి. అది దాటి మందు పోస్తే పొగ, తన్ను ఎక్కువవుతాయి, గుళ్లు చెదురుతాయి. తుపాకీ చేసినవాడు చెప్పిన హద్దు మాత్రం దాటరు. ప్రతి గుండుకూ గొట్టం తుడుస్తారు. కడ్డీతో ప్రతిసారీ ఒకే బలంతో దట్టిస్తారు. గుండ్రటి గుండుకు చుట్టిన గుడ్డ పేలికను కాల్చాక వెదికి తెచ్చి, అది చిరిగిందా, కాలిందా చూస్తారు.

కడ్డీకి గీత పెట్టుకోవడం కూడా అందుకే. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఆగిపోతే గొట్టం పగిలే ప్రమాదం ఉంది. నేటి తూటాల్లోని పొగ రాని మందును పాత గొట్టంలో పోస్తే పగిలి కాల్చినవాడి చేతులు, కళ్లు పోతాయి. అరచేతి అంచనాతో పోసుకునే నాటు తుపాకీకి ఈ జాగ్రత్తలు ఏవీ ఉండవు. పంట కాపలాకు మూతి నుంచి దట్టించే తుపాకీ కావాలంటే 1959 ఆయుధాల చట్టంలో లైసెన్సుకు వీలుంది. లైసెన్సు లేనిదే ఇంట్లో ఉంచుకోవడం నేరం.

ఎన్‌ఫీల్డు రోజులు కూడా ఎంతో కాలం సాగలేదు. 1866 నుంచి వాటి వెనుక భాగం కోసి, వెనక నుంచే తూటా పెట్టేలా మార్చారు. 1871లో ఇంగ్లీషు సైన్యం మార్టినీ-హెన్రీ అనే కొత్త రైఫిలును తీసుకుంది. దాని గొట్టం వ్యాసం అంగుళంలో వెయ్యికి 450 వంతులు. అంతకుముందు సన్నగా ఉందని కాదన్న కొలతకు అటూ ఇటూగా అంతే.