ఒడ్డున ఆలోచన, నీటిపై విహారము



పడవ నడుపుట పురుషుల పని యని మనవారిలో పలువురి తలంపు. భారతమునందు మత్స్యగంధి తండ్రి యానతిని యమునానదిలో పడవ నడిపి బాటసారులను దరిజేర్చుచుండెనన్న సంగతి మనమెరుగనిది కాదు. ఆమె చేతియందలి తెడ్డు ఏ కాలమున మన చేతులనుండి జారిపోయినదో చెప్పలేము గాని, నేడు నదీవిహారమన్నచో స్త్రీలకు మిగిలిన పని పులిహోర కలిపి డబ్బాల కెత్తుట, పడవ నడుమ కూర్చుండి పిల్లలను పట్టుకొనుట, ఇంతమాత్రమే. ఎచ్చట ఎక్కవలెను, ఎచ్చట దిగవలెను, నీటి తీరెట్లున్నది, ఈ దినమున ఎక్కవచ్చునా, ఎక్కరాదా యను ఆలోచన మనదాక రాదు. ఆ ఆలోచన మనది కూడ కావలెనని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇటీవల మనదేశమున కొన్ని విహారస్థలములయందు కయాక్ అను చిన్నపడవలు అద్దెకు దొరకుచున్నవి. ఒక్కరుగాని యిద్దరుగాని కూర్చుండి, రెండు కొసలను రెక్కలుగల తెడ్డును కుడియెడమల మార్చి మార్చి వేయుచు వీనిని నడుపుకొందురు. నేడు ప్లాస్టిక్కుతో పోతపోయుచున్న ఈ పడవకు పుట్టినిల్లు ఉత్తరధ్రువము చెంతనున్న మంచుసీమ. అచ్చటి ఇన్యూట్ జనులు నీట కొట్టుకొనివచ్చిన కొయ్యలతోను, ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు అను జలజంతువు చర్మమును బిగించి కయాకులు చేసికొనెడివారు. వేటకు పోవువారు పురుషులు. చర్మమును కుట్టువారు స్త్రీలు. జంతువుల నరమును దారముగా గొని, సూది ఆవలివైపునకు దిగకుండ, నీటిచుక్క చొరకుండ కుట్టుట వారి విద్య. ఆ కుట్టు తప్పినచో మంచునీటియందు వేటగాని ప్రాణము దక్కదు. ఒడ్డున కూర్చున్న స్త్రీ ముందుచూపే నీటిలోనివానికి రక్ష యయ్యెను. విహారమునకు ముందు మనము చేయు ఆలోచనయు అట్టి కుట్టువంటిదే.

సరదా మాటలో ఇంత గంభీరత యేల యందురేమో! 2017 నవంబరు 12వ తేదిని, కార్తికమాసమున, విజయవాడకు ఎగువను పవిత్ర సంగమము చెంత కృష్ణానదిలో యాత్రికుల పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదిని పాపికొండలు చూడబోయినవారి పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి, ఎన్నో కుటుంబములకు తీరని శోకము మిగిలినది. రెండవది నిండువరదలో జరిగినది. మొదటిది వానకాలము గడచిన పిమ్మట జరిగినది. కావున వరద లేదుగదా యను ధైర్యమొక్కటే చాలదు. పడవ పెద్దదైనను చిన్నదైనను నీటి ధర్మము ఒక్కటియే.

అట్లని భయపడి యింట కూర్చుండుమని నా మాట కాదు. ఒక నదిని ఉదాహరణముగా గైకొని, విహారమునకు ఆలోచన యెట్లు చేయవలెనో చూతము.

నది

గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్దపాయలుగా చీలును. వసిష్ఠనుండి మరల చీలినది వైనతేయ. ఇది గన్నవరము వద్ద పంటకాలువను తలపై మోయు అక్విడక్టు క్రిందుగా సాగి, అప్పనపల్లి ఆలయమును ఒడ్డున నిలుపుకొని, ఓడలరేవు ప్రాంతమున సముద్రమును చేరును. ఇరుదరుల కొబ్బరితోటలు, నడుమ లంకలు, చేపలు పట్టు నావలు, నీటిపై ఎగురు కొంగలు, చూచుటకు కన్నులు చాలవు. రాళ్లపై ఉరుకు నీరిచ్చట లేదు. కొత్తగా తెడ్డు పట్టినవారికి ఇట్టి నెమ్మది నీరే తగినది. కాని నెమ్మదియైన మనుష్యులకు వలెనే నెమ్మది నీటికిని తన గుణములు కలవు. వానిని ఎరుగవలెను.

కాలము

శ్రావణ భాద్రపదములు గోదావరికి వరదకాలము. ధవళేశ్వరపు బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినచో మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఎగురవేయుదురు. విహారమునకు పోవువారు మొదటి హెచ్చరికదాక కూడ ఆగరాదు. నీరు ఎర్రబారినదనగానే ఆ యేటి మాట మరువవలెను. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేది రాత్రి వచ్చిన తుపాను కోనసీమలోని కొబ్బరితోటలను నేలగూల్చిన వృత్తాంతము అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. కావున పుష్య మాఘములు మేలు. అప్పుడు ఎండ మృదువు, నీరు తేట. ఒక్క మంచు మాత్రము అడ్డు. ఆవలిగట్టు చెట్లు స్పష్టముగా కనబడువరకు పడవ నీటిలోనికి త్రోయరాదు. మధ్యాహ్నము సముద్రపుగాలి లేచి అలలు రేపును గనుక, పదకొండు గంటలలోపల విహారము ముగియునట్లు చూచుకొనవలెను.

పోటు, పాటు

సముద్రమునకు చేరువనున్న పాయలలో నీరు ఎల్లప్పుడు ఒక్కవైపునకే పోదు. సముద్రము పొంగునప్పుడు ఎగువకు ఎక్కును; ఇది పోటు. తగ్గునప్పుడు దిగువకు లాగును; ఇది పాటు. ఒక్కొక్కటి సుమారు ఆరు గంటలుండును. ప్రతిదినము ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యమగును. నేడు ఉదయము ఆరు గంటలకు పోటు నిండినచో, మూడు దినముల పిమ్మట ఎనిమిదిన్నర కగును. అమావాస్యకును, పున్నమకును పోటుపాట్లు పెద్దవి. అష్టమి దాటిన దినములలో చిన్నవి. మనము పంచాంగమును పండుగలకై చూచునట్లే జాలరులు నీటికై చూతురు.

ఈ సంగతి తెలిసినవారికి విహారము సగము శ్రమతో సాగును. పోటు చివరిభాగమున రేవునుండి బయలుదేరి, నీటితోపాటు ఎగువకు పోయి, అచ్చట ఒడ్డున దిగి ఫలహారము చేసి, పాటు మొదలుకాగానే నీటితోపాటు తిరిగి అదే రేవునకు రావచ్చును. వేరొక చోట బండి నిలుపవలసిన పనియును తప్పును. తెలియనివారు పాటుతో హాయిగా దిగువకు జారిపోయి, తిరుగుదారిలో ఏటికి ఎదురు తెడ్డు వేయలేక అలసిపోవుదురు. సముద్రము కలియు మొగ వైపునకు మాత్రము చిన్నపడవలతో పోనేరాదు. పాటు అచ్చట మిక్కిలి బలమైనది. ఆ దినపు పోటు ఏ వేళకో రేవున వలలు బాగుచేసికొనుచున్న జాలరి తాత నడిగిన ఉన్నదున్నట్లు చెప్పును.

దూరము

తెడ్డు కొత్తగా పట్టినవారు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పోలేరు. ఇది మన నడక వేగము. రాకపోకలు కలిపి అయిదు కిలోమీటర్లు చాలును. ముందొక దినమున ఒడ్డువెంట నడచి, ఎక్కు రేవును, దిగు రేవును, నడుమ అవసరమైనచో ఒడ్డెక్కుటకు వీలగు చోట్లను చూచి రావలెను. వలలు కట్టిన గుంజలు, గుర్రపుడెక్క దట్టముగా పెరిగిన మడుగులు, కాలువల లాకులు, వీని దరికి పోరాదు. ఇసుక తవ్వినచోట్ల మోకాలిలోతు నీటి ప్రక్కనే నిలువెత్తు గుంత యుండును గనుక, పిల్లలను ఒడ్డున ఆడుకొననిచ్చుటకు ముందు ఊరివారి నడుగవలెను. గట్టుదాపుననే సాగవలెను గాని నడిఏటికి పోరాదు. అనుమతి గలవారివద్దనే పడవలు గైకొని, నీటి మర్మమెరిగిన జాలరి నొకని నావతో వెంట నుంచుకొన్నచో ఆ కూలి వృథా కాదు. ఏ వేళకు తిరిగి వచ్చెదరో ఇంటివద్ద ఒకరికి చెప్పి పోవలెను.

దుస్తులు

రామాయణమున యమునను దాటవలసివచ్చినప్పుడు రామలక్ష్మణులు ఎండుకట్టెలతో తెప్పగట్టిరి; లక్ష్మణుడు కొమ్మలు నరికితెచ్చి సీతకు సుఖాసన మమర్చెను. వనవాసపు తొందరలో సైతము ఆ జాగ్రత్త మరువలేదు. మనకు ఆసనము పడవలోనే యుండును గాని, లైఫ్ జాకెట్టు మనమే చూచుకొనవలెను. అది ప్రక్కన పెట్టుకొనుటకు గాదు, తొడుగుకొనుటకు. తొడిగి పట్టీలు బిగించిన పిమ్మట చేతులు పైకెత్తుడు. మరియొకరు భుజములవద్ద పట్టి పైకి లాగవలెను. జాకెట్టు గడ్డము దాటి చెవులదాక వచ్చినచో అది మీ కొలతది కాదు. పిల్లలకు పిల్లల కొలతదే కావలెను. తొడలనడుమ పట్టీ యున్నది శ్రేష్ఠము. గాలి నింపిన రబ్బరు చక్రములు దీనికి బదులు కావు.

చీర సంగతి స్పష్టముగా చెప్పవలెను. తడిసిన కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకొని, ఈత వచ్చినదానిని సైతము కదలనీయవు. నాట్లు వేయు స్త్రీలు చీర ఎగగట్టి కచ్చ బిగించుట అందమునకు గాదు, పనికొరకు. మనమును ఆ దినమునకు కచ్చ బిగించుటయో, సల్వారు తొడుగుటయో మేలు. జడ ముడివేసి, నగలు ఇంటనుంచి, తలకు నూలుగుడ్డ చుట్టుకొనవలెను. మంచినీరు, సెల్ ఫోను నీరు చొరని సంచిలో పెట్టి పడవకు కట్టవలెను.

పడవలో లేచి నిలువరాదు, ఒక్కప్రక్కకు ఒరుగరాదు. ఇద్దరు కూర్చున్నచో దారి మరల్చు నేర్పుగలవారు వెనుక నుండవలెను. ఒకవేళ బోల్తాపడినను కయాక్ తేలుచునే యుండును; దానిని విడిచి ఒడ్డునకు ఈదబోక, ఎగువవైపున పట్టుకొని కేక వేయవలెను. ఈ అభ్యాసమును బయలుదేరుటకు ముందే నడుములోతు నీటిలో ఒక్కసారి చేసి చూచుట మంచిది.

చివరిమాట

ఇన్ని యేర్పాట్లు చేసి రేవునకు చేరిన పిమ్మట, గాలి హెచ్చుగా నుండవచ్చును. ఒక లైఫ్ జాకెట్టు తక్కువ కావచ్చును. వెంట రావలసిన నావ రాకపోవచ్చును. అప్పుడు, "ఇంతదూరము వచ్చి తిరిగిపోవుదుమా? అద్దెకూడ కట్టితిమి. ఏమియు కాదులే, ఎక్కుడు!" అను మాట ఎవరినోటనో తప్పక వచ్చును. ఆ సమయమున మన ఇండ్లలో స్త్రీలు మనసున శంకించుచునే, పిరికిదన్న మాట పడజాలక, పిల్లల నెత్తుకొని పడవ ఎక్కుదురు. నేను వ్రాసిన దంతయు ఈ ఒక్క క్షణముకొరకే. పోటు వేళ, గాలి తీరు, జాకెట్ల లెక్క తెలిసిన స్త్రీ, "నేడు వద్దండీ" యని కారణము చూపి చెప్పగలదు. కారణము చూపినమాట భయము కాదు, వివేకము. కొబ్బరిచెట్ల నీడను గట్టుననే కూర్చుండి తినినను పులిహోర రుచి తగ్గదు. నది మరునాడును అచ్చటనే యుండును.

మరియొక విన్నపము. మనయూళ్లలో మగపిల్లలు కాలువలలో దూకి ఈత నేర్చుకొనుచుండగా ఆడపిల్లలను గట్టునుండి ఇంటికి పిలుచుట వాడుక. దగ్గరి పట్టణమున ఈతకొలను ఉన్నచో వచ్చు వేసవిలో తల్లియు కూతురును కలిసి చేరుడు. ముప్పది యేండ్లు దాటినవారికి ఈత రాదన్నది అపోహ మాత్రమే. లైఫ్ జాకెట్టు ప్రాణము కాచును, ఈత ధైర్యమిచ్చును. ఈ రెండును కలిగి, నీటి పోకడ తెలిసిన స్త్రీకి పడవ నడుమ కూర్చుండి దడదడలాడు దినములు పోయి, తెడ్డు చేతబట్టి నదిని కన్నులార చూచు దినములు వచ్చును.