చుక్కను ఆపే మర

అనంతపురం సీమలోని నల్లమాడలో పెరటి కొళాయిని తినేసేవి రెండు: ఎండ, బోరు నీళ్లు. ఎండకు ప్లాస్టిక్ కొళాయి వెలిసి, పెళుసెక్కి, ఓ రోజు పిడి చేతికి ఊడొస్తుంది. ఇత్తడిదైతే ఎండను ఓర్చుకుంటుంది గానీ బోరు నీళ్లలోని సున్నపు లవణాలు లోపల పేరుకుని, నీటిదారి మూసుకునే చోటును, అంటే సీటును, గరుకు చేస్తాయి. ఇక చుక్క ఆగదు. సెకనుకో చుక్క, చుక్కకు పావు మిల్లీలీటరు అనుకున్నా రోజుకు 21 లీటర్లు దాటిపోతాయి. జల్ జీవన్ మిషన్ ఒక మనిషికి రోజుకు లెక్కగట్టిన నీళ్లు 55 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం సీమలో ఇది చిన్న దుబారా కాదు. 1990లలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా ఊళ్లకు తాగునీరు పంపే పథకం చేపట్టింది కూడా ఈ సీమలోనే.

పాతకాలపు కొళాయిలో ఒక బిరడా, దానికో రంధ్రం ఉండేవి. రోమన్లు కంచుతో చేసుకున్నదీ అదే. పావు చుట్టు తిప్పితే నీళ్లు, మళ్లీ తిప్పితే బంద్. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పట్టణాల పైపుల్లోకి ఒత్తిడితో నీళ్లు రావడం మొదలయ్యాక దానితో చిక్కొచ్చింది. పరుగెత్తే నీటికి టక్కున దారి మూస్తే ఆ వేగమంతా ఒత్తిడిగా మారి పైపును సుత్తితో కొట్టినట్టు అదరగొడుతుంది. అందుకు విరుగుడు రోథర్‌హామ్‌లో దొరికింది. అక్కడి ఇత్తడి పనివాళ్లు, క్రైమ్స్ కుటుంబం, 1845లో మరతో మూసే కొళాయికి పేటెంటు తీసుకున్నారు. పిడి తిప్పుతుంటే మర కిందికి దిగి, చివరనున్న వాషరును సీటు మీద అదుముతుంది. చాలా చుట్లు తిప్పాలి కాబట్టి నీళ్లు మెల్లగా ఆగుతాయి.

నాకు నచ్చేది ఈ కొళాయిలోని పెద్దమనిషి తరహా: అరుగుదలంతా అతి చవకైన ముక్క మీద పడేలా చేశారు. మనం మాత్రం వాషరు అరిగితే కొళాయినే పారేస్తున్నాం.

చుక్క మూతి నుంచి పడుతుంటే తప్పు వాషరుది. ట్యాంకు కింది గేట్ వాల్వు కట్టేసి, ఒక పానాతో కొళాయి ఒళ్లు కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో పైభాగం విప్పి, వాషరు మార్చాలి. అయినా కారితే సీటు గుంటలు పడినట్టే, అప్పుడు కొత్త కొళాయి కొనొచ్చు. పిడి కింద ఊరుతుంటే అక్కడి నట్టు కొంచెం బిగిస్తే చాలు. గోడ దగ్గర చెమ్మ కనిపిస్తే మాత్రం కొళాయి పైపులోకి బిగిసే మరల దగ్గరే లోపం.

ఆ మరలకూ ఓ కథ ఉంది. ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు 55 డిగ్రీల కోణంతో ఒక కొలత ప్రతిపాదించాడు. కదిరిలో కొన్న అరంగుళం కొళాయి నల్లమాడ గోడలోని పైపుకు పట్టేది ఆ వరస కొలతల వల్లే. సందుల్లో జనపనార చుట్టి రంగు పూసే రోజులు పోయి టెఫ్లాన్ టేపు వచ్చింది. రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ 1938లో చల్లబరిచే వాయువు కోసం వెతుకుతూ సిలిండరులో చూసిన తెల్లపొడే టెఫ్లాన్. టేపును మర బిగిసే వైపుకే చుట్టాలి. పీవీసీ ఎల్బోలోకి ఇత్తడి మరను బలం కొద్దీ తిప్పితే ఎల్బో పగులుతుంది. లోపల ఇత్తడి మరలున్న ఎల్బో వేయించుకోవడం మేలు.

ఇప్పుడు దుకాణాల్లో పావు చుట్టు కొళాయిలు మళ్లీ కనిపిస్తున్నాయి, లోపల బిరడాకు బదులు గుండు గానీ సిరామిక్ బిళ్లలు గానీ పెట్టుకుని. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి తక్కువే గనుక ఇళ్లలో అవి పెద్దగా అదరగొట్టవు.

వీధి పైపుకే నేరుగా కలిపిన పెరటి కొళాయి సంగతి వేరు. సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు దానికి తగిలించిన గొట్టం కొస పశువుల తొట్టిలో మునిగి ఉంటే, తొట్టి నీళ్లను వీధి పైపు వెనక్కి పీల్చుకుంటుంది. గొట్టం కొసను తొట్టి అంచుకు జానెడు పైనే కట్టేయాలి.