శోధనమార్గమున చేరిన సర్వరు డ్రైవులు

1983వ సంవత్సరమున వెలువడిన, కంప్యూటరును నడుపు డాస్ 2.0 వ్యవస్థ, ఫైళ్లను డైరెక్టరీలుగా విభజించి దాచుకొను సౌకర్యమును కల్పించినంతనే, మనము టైపుచేసిన ఆజ్ఞకు చెందిన ప్రోగ్రాము ఏ డైరెక్టరీలో నున్నదో కనుగొనవలసిన భారము యంత్రముపై పడెను. ఆ భారమును మోయుటకు ఏర్పడినదే పాత్ అను డైరెక్టరీల జాబితా. డాస్‌లో ఆజ్ఞలను అందుకొను కమాండ్.కామ్ మొదట ప్రస్తుత డైరెక్టరీని చూచి, అచట లేనిచో పాత్‌లోని డైరెక్టరీలను వరుసగా వెదకి, పేరు కుదిరిన తొలి ప్రోగ్రామును నడిపి అంతటితో విరమించును. ఇందు వరుసయే సర్వస్వము.

ఈ వరుసలోనికి సర్వరును ప్రవేశపెట్టినది అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నొవెల్ సంస్థ. కంప్యూటర్లను సర్వరుతో కలుపు దాని నెట్‌వేర్‌లో మ్యాప్ అను ఆజ్ఞచే సర్వరులోని డైరెక్టరీకి ఒక అక్షరము తగిలించినచో, అది సొంత డిస్కువలె గోచరించును. సామాన్య డ్రైవులు సాధారణముగా ఎఫ్ మొదలుకొని ముందునకు సాగగా, ఆజ్ఞలను వెదకుటకై ప్రత్యేకించిన సెర్చ్ డ్రైవులు జడ్, వై, ఎక్స్ అని వెనుకకు నడచును; ఇవి 16 వరకు ఉండవచ్చును. డాస్‌ను ఏమాత్రము మార్చక, దాని పాత్‌లోనే వీనిని చేర్చిన ఆ రూపకర్తల ప్రజ్ఞ నిస్సంశయముగా శ్లాఘనీయము.

అయితే చిక్కంతయు అచటనే పుట్టెను. సర్వరులో ప్రవేశించునపుడు నడచు లాగిన్ స్క్రిప్టులో, సర్వరునందలి పబ్లిక్ డైరెక్టరీని మొదటి సెర్చ్ డ్రైవుగా ‘మ్యాప్ ఎస్1’ అని నిర్దేశించినచో, పాత్‌లో మొదట నున్న సి డ్రైవులోని డాస్ డైరెక్టరీ తొలగి, ఆ స్థానమున సర్వరు నిలుచును. ఆ డాస్ డైరెక్టరీలోని ఎక్స్‌కాపీ ప్రోగ్రాము డిస్కులో భద్రముగా నుండియు, పిలిచినపుడు ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అను సమాధానమే వచ్చును. ‘మ్యాప్ ఐఎన్ఎస్ ఎస్1’ అని మూడక్షరములు చేర్చి వ్రాసినచో, పంక్తిభోజనమున కూర్చున్నవారు జరిగి క్రొత్తవానికి చోటిచ్చునట్లు, పాతవన్నియు ఒక్కొక్క స్థానము వెనుకకు జరుగును. అపుడు నష్టము లేకున్నను, స్థానిక ఆజ్ఞ సైతము ముందుగా తీగవెంట సర్వరును చేరి, అచట లేదని తెలిసిన పిమ్మటనే సొంతడిస్కునకు మరలవలెను. ఒకే పేరుగల ప్రోగ్రాములు రెండుచోట్ల నున్నచో సర్వరులోనిదే నడచును. అందుచే ‘ఎస్16’ అని వ్రాసి, సర్వరును వరుస చివర చేర్చుటయే పెక్కు సందర్భముల ఉచితమని నా అభిప్రాయము.

ఇంతకంటె సూక్ష్మమైన లోపము వేఱొకటి కలదు. పాత్‌ను తెరపై చూచినచో సెర్చ్ డ్రైవు ‘జడ్’ అక్షరము, రెండు చుక్కలు, పిదప ఒక చుక్కగా కనబడును. ఆ కడపటి చుక్క, ఆ డ్రైవులో ప్రస్తుతము నిలిచియున్న డైరెక్టరీని సూచించును. ఎవరైన జడ్ డ్రైవునకు పోయి ‘సీడీ’ ఆజ్ఞతో వేఱొక డైరెక్టరీకి మారినచో, శోధనమార్గమును వారితోకూడ కదలిపోవును. అంతవరకు చక్కగా పనిచేసిన ఆజ్ఞలు, ఏ ఫైలును చెరుపకయే, ఆ క్షణమునుండి దొరకకుండును.