పేరు లేని గిటారు - మారుపేరు మిత్రుడు

ఆ పాట పేరు 'బ్యాడ్జ్'. మొదటి నుంచి చివరిదాకా విన్నా పాటలో ఆ మాట ఎక్కడా వినిపించదు. రికార్డు వివరాల్లో గిటారు వాయించినవారిలో ఒకరి పేరు 'లాంజెలో మిస్టీరియోసో' అని ఉంటుంది. అది ఇటలీ భాష. 'అంతుచిక్కని దేవదూత' అని అర్థం. ఆ పేరు గల మనిషి లోకంలో ఎక్కడా లేడు. ఆ పేరు చాటున దాగినవాడు అప్పటికే ప్రపంచమంతా పేరు మోగుతున్న బీటిల్స్ బృంద సభ్యుడు జార్జి హారిసన్.

1960ల్లో పాశ్చాత్య దేశాల యువతను ఉర్రూతలూగించింది రాక్ సంగీతం. ఆ సంగీతంలో మేటి గిటారు వాద్యగాళ్లయిన హారిసన్, ఎరిక్ క్లాప్టన్ కలిసి కట్టిన పాట ఇది. మూడు నిమిషాలు కూడా ఉండదు. దాని వెనుక కథ మాత్రం పెద్దది.

సామాన్యుల బిడ్డలు

ఇద్దరూ ఇంగ్లండు వారే. హారిసన్ 1943లో లివర్‌పూల్ రేవు పట్నంలో పుట్టాడు. తండ్రి బస్సు కండక్టరు. క్లాప్టన్ 1945లో రిప్లీ అనే పల్లెలో పుట్టాడు. అమ్మమ్మ ఇంట పెరిగాడు. తొమ్మిదేళ్లు వచ్చేదాకా అమ్మమ్మనే కన్నతల్లి అనుకున్నాడు.

1964 డిసెంబరులో లండన్‌లో జరిగిన క్రిస్మస్ కచేరీల్లో ఇద్దరికీ పరిచయమైంది. అక్కడ బీటిల్స్‌ది పెద్దపీట. క్లాప్టన్ ఉన్న యార్డ్‌బర్డ్స్ బృందం వారికి ముందుగా వాయించే చిన్న జట్టు. 1966లో క్లాప్టన్ మరో ఇద్దరితో కలిసి 'క్రీమ్' బృందం పెట్టాడు. రెండేళ్లలో పేరు ఆకాశానికి ఎక్కింది. లోపల తగవులు కూడా అంతే పెరిగాయి.

అటు బీటిల్స్‌లో హారిసన్‌కు వేరే బాధ. పాటలు ఎక్కువగా కట్టేవారు జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ. ఒక్కో రికార్డులో హారిసన్‌కు దక్కేది ఒకటి రెండు పాటల చోటే.

చుట్టం వచ్చిన వేళ

1968లో బీటిల్స్ రిషీకేశ్ వచ్చి వెళ్లారు. ఇంటికి తిరిగి వెళ్లాక హారిసన్ ఒక పాట కట్టాడు. పేరు 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్'. గిటారు మెల్లగా కన్నీరు పెడుతోందని భావం. తోటివారు దాన్ని పెద్దగా పట్టించుకోలేదని హారిసన్ తర్వాత చెప్పుకున్నాడు.

సెప్టెంబరు 6న క్లాప్టన్‌తో కలిసి కారులో లండన్ వెళుతూ, ఈ పాటకు నువ్వు వాయించాలి అని అడిగాడు. క్లాప్టన్ వెనక్కి తగ్గాడు. బీటిల్స్ రికార్డుల్లో బయటివాళ్లు వాయించరు కదా అన్నాడు. ఇది నా పాట, నేను పిలుస్తున్నాను, రా అన్నాడు హారిసన్.

ఇంటికి చుట్టం వస్తే కీచులాటలు ఆగిపోతాయి గదా! క్లాప్టన్ స్టూడియోలో అడుగు పెట్టగానే అందరూ బుద్ధిగా కూర్చుని మనసు పెట్టి వాయించారు. క్లాప్టన్ గిటారు నిజంగానే ఏడ్చింది. అయితే అది మరీ క్లాప్టన్ పోకడలా ఉందని, యంత్రం సాయంతో ఆ నాదాన్ని కాస్త వణికించారు. ఆ నవంబరులో రికార్డు విడుదలైంది. దాని మీద క్లాప్టన్ పేరు లేదు.

బదులు తీర్చిన తీరు

ఆ ఏడాది చివర్లో క్రీమ్ బృందం విడిపోవడానికి సిద్ధమైంది. 'గుడ్‌బై' పేరుతో ఆఖరి రికార్డు తలపెట్టారు. దానికి తలా ఒక పాట ఇవ్వాలి. క్లాప్టన్ వంతు పాటకు హారిసన్ సాయానికి వచ్చాడు.

ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ పాట కడుతున్నారు. హారిసన్ కాగితం మీద రాస్తూ, పాట మధ్యలో రెండు భాగాలను కలిపే చోట గుర్తుగా 'బ్రిడ్జ్' అని రాసుకున్నాడు. వంతెన అన్నమాట. ఎదుట ఉన్న క్లాప్టన్‌కు అది తలకిందులుగా కనబడింది. 'బ్యాడ్జ్' అని చదివి, అదేమిటని అడిగాడు. ఆ పొరపాటే పాటకు పేరై కూర్చుంది. అంతలో బీటిల్స్ డ్రమ్ముల వాద్యగాడు రింగో స్టార్ మత్తులో తూలుతూ వచ్చి, పార్కులోని హంసల మీద ఒక మాట అందించాడు. అదీ పాటలో చేరింది. గిటారు తీగల పేర్లయిన ఇంగ్లీషు అక్షరాలు కలిపితే 'బ్యాడ్జ్' అవుతుందని, అందుకే ఆ పేరు పెట్టారని కొందరు అభిమానులు చెప్పుకుంటారు. అసలు సంగతి చేతిరాతే.

బుర్రకథలో వంతలు గట్టిగా ఉంటేనే కథకుడు రాణిస్తాడు. ఈ పాటలో హారిసన్ పట్టింది ఆ వంత పనే. మొదట్లో జాక్ బ్రూస్ బేస్ గిటారుతో పాటు హారిసన్ లయే నడిపిస్తుంది. సరిగ్గా ఆ వంతెన దగ్గరే క్లాప్టన్ గిటారు అందుకుంటుంది. తిరిగే స్పీకరు గుండా వచ్చే ఆ నాదం అలలు అలలుగా సాగుతుంది.

మరి మారుపేరు ఎందుకు? హారిసన్‌కు ఒక రికార్డుల కంపెనీతో ఒప్పందం ఉంది. క్రీమ్ రికార్డులు వేరే కంపెనీవి. అక్కడ సొంత పేరుతో కనబడితే పేచీ వస్తుంది. అందుకే దేవదూత వేషం! 1969లో పాట విడిగా విడుదలై బ్రిటన్‌లో బాగానే అమ్ముడుపోయింది. ఇప్పుడు రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉంటాయి.

కష్టంలోనూ తోడు

1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది కాందిశీకులు మన దేశానికి తరలివచ్చారు. పండిట్ రవిశంకర్ కోరిక మీద హారిసన్ ఆగస్టు 1న న్యూయార్కులో సహాయ కచేరీ పెట్టాడు. ఒంట్లో బాగా లేకున్నా క్లాప్టన్ వచ్చి వాయించాడు.

స్నేహానికి గట్టి పరీక్ష కూడా వచ్చింది. హారిసన్ భార్య ప్యాటీని క్లాప్టన్ ప్రేమించాడు. 1977లో హారిసన్ దంపతులు విడాకులు తీసుకున్నారు. 1979లో ఆమె క్లాప్టన్‌ను పెళ్లాడింది. ఆ పెళ్లి విందుకు హారిసన్ వెళ్లి పాట పాడి వచ్చాడు. 1991లో క్లాప్టన్ బృందంతో కలిసి జపానులో కచేరీలు చేశాడు.

హారిసన్ 2001 నవంబరు 29న కన్నుమూశాడు. సరిగ్గా ఏడాదికి, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో సంస్మరణ కచేరీ జరిగింది. సంగీత బాధ్యత అంతా మోసింది క్లాప్టనే. 1968లో క్రీమ్ బృందం వీడ్కోలు చెప్పిన హాలు కూడా అదే. రవిశంకర్ హాజరయ్యారు. హారిసన్ కుమారుడు ధాని గిటారు పట్టి వేదిక మీద నిలిచాడు. సప్త స్వరాల్లో చివరి రెండైన ద, ని కలిపి తండ్రి పెట్టుకున్న పేరది.

34 ఏళ్ల కిందట పేరు లేకుండా వాయించిన ఆ కన్నీటి పాటను క్లాప్టన్ ఆ రాత్రి మళ్లీ వాయించాడు. ఈసారి ఎవరు వాయిస్తున్నారో హాలంతటికీ తెలుసు. పాట కట్టి పిలిచినవాడే లేడు.