ఒకే మందు, రెండు పేర్లు: స్థూలకాయ చికిత్సకు ఆరోగ్య బీమా

అమెరికాలో సెమాగ్లూటైడ్ అనే మందు రెండు పేర్లతో ప్రసిద్ధం. ఒజెంపిక్ పేరుతో టైప్ 2 మధుమేహానికి 2017 డిసెంబరులోను, వెగోవీ పేరుతో బరువు తగ్గడానికి 2021 జూన్‌లోను ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. టిర్జెపటైడ్ సంగతీ అంతే: మధుమేహానికి మౌంజారో, బరువుకు జెప్‌బౌండ్. రసాయనం ఒకటే అయినా, మధుమేహానికి రాసిన చీటీకి బీమా సాధారణంగా వర్తిస్తుంది. బరువుకు రాసిన చీటీ తరచు తిరస్కారానికి గురవుతుంది. ఈ తేడాకు కారణాలు వైద్యశాస్త్రంలో కన్నా చట్టాల్లోను, బీమా ఒప్పందాల్లోను ఎక్కువగా ఉన్నాయి.

దీని మూలం 1990 నాటిది. ఆ ఏడాది వచ్చిన మెడికెయిడ్ చట్టం, రాష్ట్రాలు కావాలంటే మినహాయించుకోగల మందుల జాబితా ఒకటి ఇచ్చింది. జుట్టు పెరగడానికి, సౌందర్యానికి వాడే మందులున్న ఆ జాబితాలోనే బరువు తగ్గించే మందులూ చేరాయి. 2003లో మెడికేర్‌కు మందుల బీమా (పార్ట్ డి) కల్పించిన చట్టం ఈ జాబితానే ఆధారంగా తీసుకున్నది. మెడికెయిడ్‌లో రాష్ట్రాల ఇష్టానికి వదిలిన మినహాయింపు మెడికేర్‌లో నిషేధమైంది. ఆనాటికి బరువు తగ్గించే మందులకు మంచిపేరు లేని మాట నిజమే. విరివిగా వాడిన ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తున్నదని తేలడంతో 1997లో దానిని మార్కెట్ నుండి ఉపసంహరించారు. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ స్థూలకాయాన్ని వ్యాధిగా గుర్తించింది. అయినా చట్టంలోని ఆ వాక్యం మారలేదు.

వాక్యం మారకపోయినా మరొక దారి ఏర్పడింది. 17,604 మందిపై జరిగిన సెలెక్ట్ పరిశోధనలో, మధుమేహం లేకుండా గుండెజబ్బు, అధిక బరువు ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాల ముప్పును సెమాగ్లూటైడ్ 20 శాతం తగ్గించింది. 2024 మార్చిలో వెగోవీకి ఈ ప్రయోజనం కింద కూడా అనుమతి లభించింది. ఆ కారణంతో రాసిన చీటీకి మెడికేర్ ప్లాన్లు చెల్లించవచ్చునని ప్రభుత్వం వెంటనే స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో, స్థూలకాయంతో పాటు నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి జెప్‌బౌండ్ వాడేందుకు అనుమతి వచ్చింది. కేవలం స్థూలకాయానికి కూడా చెల్లించాలన్న 2024 నవంబరు ప్రతిపాదనను మాత్రం 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఖరారు చేయలేదు.

మన పాఠకుల్లో ఎక్కువమందికి బీమా ఉద్యోగం ద్వారా వచ్చేది. పెద్ద కంపెనీలు చాలావరకు వైద్యఖర్చులను తామే భరిస్తాయి. కార్డు మీద పేరున్న బీమా సంస్థ లెక్కలు చూసే నిర్వాహకురాలు మాత్రమే. అటువంటి ప్లాన్లకు 1974 నాటి ఎరిసా చట్టం వర్తిస్తుంది కనుక, ఫలానా మందుకు చెల్లించి తీరాలని రాష్ట్రాలు వాటిని శాసించలేవు. యజమాని లెక్కలు కూడా తేలికైనవి కావు. వెగోవీ విడుదలైనప్పుడు నెలకు ప్రకటిత ధర సుమారు 1,349 డాలర్లు. మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు ఒక పరిశోధనలో తేలింది. అంటే ఖర్చు ఏళ్ళ తరబడి సాగేది. పదేళ్ళ తరువాత తప్పే గుండెపోటు ఆదా మాత్రం, ఉద్యోగి అప్పటికి ఎక్కడ పనిచేస్తుంటే ఆ యజమానికి దక్కుతుంది. నార్త్ కెరోలైనా రాష్ట్ర ఉద్యోగుల ప్లాన్ ఖర్చు భారం కారణంగానే 2024 ఏప్రిల్‌లో బరువు కోసం వాడే ఈ మందులకు చెల్లింపు నిలిపివేసింది.

దక్షిణాసియా వారికి మరొక చిక్కు ఉంది. బీమా నిబంధనలు సాధారణంగా బి.ఎం.ఐ. 30 ఉండాలని, లేదా రక్తపోటు వంటి అనుబంధ సమస్యతో 27 ఉండాలని కోరుతాయి. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 30 అంటే దాదాపు 87 కిలోలు, 27 అంటే 78 కిలోలు. కానీ మనవారిలో అంతకన్నా తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం, గుండెజబ్బులు మొదలవుతాయి. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా సంతతి వారికి బి.ఎం.ఐ. 23 నుండే మధుమేహ పరీక్షలు సూచిస్తున్నది. అదే ఎత్తుకు 23 అంటే 66 కిలోల పైచిలుకు. పరీక్షకు ఒక గీత, చికిత్సకు మరొక గీత. ఈ రెండు గీతల మధ్య నిలిచిపోయేవారు మనలో ఎందరో.

కనుక తిరస్కార లేఖ వస్తే ముందు చూడవలసింది కారణం. మీ వివరాలు నిబంధనలకు సరిపోలేదని ఉంటే సాధారణంగా 180 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. వైద్యపరమైన నిర్ణయాల విషయంలో ఆపైన స్వతంత్ర సమీక్ష కూడా కోరవచ్చు. గురక, పగటి నిద్రమత్తు, పాత గుండెజబ్బు వంటివి వైద్యరికార్డులో నమోదయ్యాయో లేదో చూసుకోవడం అవసరం. లేని మధుమేహాన్ని రాయించుకోవడం మాత్రం మోసమే అవుతుంది. బరువు మందులకు ప్లాన్‌లోనే మినహాయింపు ఉంటే అప్పీలు వల్ల ప్రయోజనం తక్కువ. అప్పుడు అడగవలసింది బీమా సంస్థను కాదు, వచ్చే ఏడాది ప్లాన్‌ను నిర్ణయించే యజమానిని. ఈలోగా సొంత డబ్బుతో కొనేవారు, డాక్టరు చీటీ ఉంటే, ఆరోగ్య పొదుపు ఖాతాలోని పన్ను లేని సొమ్మును వాడుకోవచ్చు.