రెండో పళ్లెంలో ఏమున్నట్టు?

కొత్త మెటల్ డిటెక్టర్ చేతికి రాగానే అందరూ వెతికేది ఒక పట్టిక కోసం: తెరమీద ఫలానా అంకె వస్తే ఫలానా లోహం అని చెప్పే పట్టిక. అలాంటిది యంత్రంతో పాటు వస్తుంది, కొన్నింటి మీద ముద్రించే ఉంటుంది కూడా. కానీ గ్యారెట్ ఏస్ 300 మీద ఈ అంకెలు 0 నుంచి 99 దాకా నడుస్తాయి. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 మీద మైనస్ 9 దగ్గర మొదలై 40తో ఆగిపోతాయి. ఒకే వెండి రూపాయికి ఒకదాని మీద ఒక అంకె, ఇంకోదాని మీద మరో అంకె. మేలిమి బంగారం సాంద్రత ఏ దేశంలో కొలిచినా ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములే. డిటెక్టర్ అంకె ఆ జాతి కొలత కాదు. అది లోహపు గుణం కన్నా కంపెనీ వేసుకున్న వరుస. ఆ వరుసను ఎక్కువగా అమెరికా, ఐరోపా నాణేలను మనసులో పెట్టుకుని తయారు చేశారు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ నల్లరేగడిలో నిజాం కాలపు రూపాయి మీద అది ఏమి చూపిస్తుందో పట్టికలో ఉండదు. వెతికేవాడే నేర్చుకోవాలి. ఇది యంత్రం చేతకానితనం అనుకోనక్కర్లేదు, దాని పుట్టుకే అలాంటిది.

టెలిఫోన్ వచ్చిన మూడేళ్లకు, 1879లో, డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఇండక్షన్ బ్యాలెన్స్ అనే పరికరాన్ని వివరించాడు. జర్మనీకి చెందిన హైన్‌రిష్ డోవె 1840ల్లోనే ఇలాంటి ఏర్పాటు చేశాడు గానీ, దానికి టెలిఫోన్ రిసీవరు తగిలించి వినేలా చేసింది హ్యూస్. తీగచుట్టలు రెండు జతలు. ఒక జతలో పుట్టే విద్యుత్తు రెండో జతలో పుట్టేదాన్ని సరిగ్గా కొట్టేసేలా కలుపుతారు, అప్పుడు రిసీవరులో నిశ్శబ్దం. ఒక జత మధ్య నాణెం పెడితే చప్పుడు వస్తుంది. రెండో జత మధ్య అచ్చం అలాంటి నాణేన్నే పెడితే మళ్లీ నిశ్శబ్దం. అరిగిన షిల్లింగును కొత్త షిల్లింగు పక్కన పెట్టినా, రెండింటిలో ఒకటి కాస్త వెచ్చగా ఉన్నా తేడా వినిపించేది. దొంగనాణేన్ని పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన సంతలో కాటా పనిచేసే తీరే ఇది: ఒక పళ్లెంలో సరుకు, రెండో పళ్లెంలో తెలిసిన గుండు. గుండు లేకుండా కాటా ఏమీ చెప్పదు. హ్యూస్ యంత్రంలో ఆ గుండు కళ్లముందు ఉండేది. నేటి డిటెక్టర్‌లో అది చిప్‌లో రాసిపెట్టిన లెక్కగా మారి తెర వెనక్కి పోయింది. ఏ గుండుతో తూచిందో కనబడదు గనుక, తూకం దానంతటదే వచ్చిందనే భ్రమ కలుగుతుంది.

యంత్రం మాటను ఇలా నమ్మే భ్రమకు మూల్యం హ్యూస్ పరికరం వచ్చిన రెండేళ్లలోనే చెల్లించాల్సి వచ్చింది. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఉండిపోయిన గుండు ఎక్కడుందో తెలియక డాక్టర్లు తికమకపడుతుంటే అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ ఇండక్షన్ బ్యాలెన్సును మెరుగుపరచి పట్టుకొచ్చాడు. అంతర్యుద్ధంలో తగిలిన గుండ్లను ఒంట్లోనే మోస్తున్న మాజీ సైనికుల మీద దాన్ని ముందే సరిచూసుకున్నాడు కూడా. అయినా అధ్యక్షుడి పడక దగ్గర ఒకసారి స్పష్టంగా ఏమీ తేలలేదు, రెండోసారి చప్పుడు చాలా మేర వినిపించింది. పరుపు కింద ఉక్కు తీగల అల్లిక ఉందని బెల్‌కు తర్వాత తెలిసింది. కథ అక్కడితో అయిపోలేదు. వైద్య బృందానికి పెద్దయిన విలార్డ్ బ్లిస్ గుండు కుడివైపే ఉందని ముందే తీర్మానించుకున్నాడు. బెల్‌ను వెతకనిచ్చిందీ అటువైపే. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. ఈ ఉదంతంలో యంత్రం అబద్ధం చెప్పలేదు. ఉక్కు ఉన్నచోట లోహం ఉందనే చెప్పింది. చుట్టూ ఏముందో చూడకుండా, తనకు కావలసిన జవాబునే అందులో వినడం మనిషి పని.

తర్వాతి అరవై ఏళ్లను గబగబా దాటవచ్చు, ఒక్క సంగతి దగ్గర తప్ప. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన గెర్హార్డ్ ఫిషర్ రేడియోతో దిక్కు కనిపెట్టే పరికరాల మీద పనిచేస్తుండగా, లోహ ఖనిజం ఉన్న నేల మీదికి వచ్చేసరికి దిక్కు తప్పుగా చూపడం గమనించాడు. ఆ తప్పునే పట్టుకుని చేతితో మోసుకెళ్లే డిటెక్టర్‌ను చేశాడు, 1937లో పేటెంటు వచ్చింది. అంటే నేల పెట్టే గోల ఈ యంత్రానికి తర్వాత తగులుకున్న జబ్బు కాదు, ఆ గోలలోంచే చేతి డిటెక్టర్ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ అధికారి యూజెఫ్ కొసాట్స్కి స్కాట్లండులో ఉండి చేసిన మందుపాతరల డిటెక్టర్ 1942 అక్టోబరులో ఎల్ అలమైన్ ఎడారిలో దారులు తెరిచింది. దానికి తెర లేదు, అంకె లేదు, చెవిలో మోతే. తెరమీద లోహాన్ని వేరుచేసి చూపే యంత్రాలు 1980ల్లో గానీ బజారుకు రాలేదు. వంద ఏళ్లు చెవి చేసిన పని కంటికి మారింది. వినేవాడు అనుమానిస్తాడు, చదివేవాడు నమ్ముతాడు.

ఇంతకీ ఆ అంకె దేన్ని కొలుస్తుంది? పంపే చుట్టలోని మారే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని తోస్తుంది. అది లోహానికి తగిలితే అందులో సుడి విద్యుత్తు పుడుతుంది, దాని క్షేత్రం వెనక్కి వచ్చి అందుకునే చుట్టను తాకుతుంది. పంపినదానికీ వచ్చినదానికీ మధ్య ఎంత ఆలస్యమైందో చూసి యంత్రం అంకె వేస్తుంది. ఆ ఆలస్యం లోహం ఒక్కదాని మీదే ఆధారపడదు. వస్తువు పరిమాణం, మందం, ఆకారం, అయస్కాంతానికి అంటుకునే గుణం అన్నీ కలిసి ఒకే సంఖ్యలో ఇరుక్కుంటాయి. ఇన్ని రాశులను ఒక్కటిగా కుదించాక ఆ ఒక్కదాని నుంచి అన్నింటినీ వెనక్కి తీయడం గణితంలో ఎవరివల్లా కాదు. మేలిమి బంగారం అల్యూమినియం కన్నా మంచి వాహకం. కానీ రాగి, వెండి కలిపిన 22 క్యారెట్ల బంగారం ఆ మెరుగును చాలామటుకు పోగొట్టుకుంటుంది. పైగా ఉంగరం చిన్నది, సన్నది. అందుకే పత్తి చేనులో జారిపోయిన ఉంగరం, పురుగుమందు సీసా మూతకింది రేకు, మాత్రల పట్టీ ముక్క తెరమీద ఇరుగుపొరుగునే కనబడతాయి. రేకు విసుగు పుట్టించిందని ఆ అంకెలన్నీ వినబడకుండా చేసుకున్నవాడు ఉంగరాన్నీ వదులుకున్నట్టే.

మన రూపాయి ఇంకా మంచి సాక్షి. పేరు ఒకటే, లోహం మారుతూ వచ్చింది. బ్రిటిష్ రూపాయిలో 1939 దాకా 91.7 శాతం వెండి, 1940 నుంచి సగమే వెండి, 1946, 47 సంవత్సరాల్లో నికెల్. నిజాం రూపాయిది వేరే బరువు, వేరే పాలు: 11 గ్రాముల పైచిలుకులో చాలాకాలం దాదాపు 82 శాతం వెండి. స్వతంత్ర భారతం రూపాయి నికెల్‌తో మొదలై, 1975 నుంచి రాగి–నికెల్ మిశ్రమమై, 1992 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు అయింది. వెండి రూపాయి వరుసలో పైన నిలుస్తుంది. నాలుగింట మూడు వంతులు రాగే అయినా, 1975 తర్వాతి రూపాయి రాగిలా పలకదు, నికెల్ కలిసి దాని వాహకతను బాగా కిందికి లాగుతుంది. నికెల్ రూపాయి, స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకునేవి గనుక ఇనుము వైపు జారవచ్చు. ‘నాణెం’ అన్న ఒక గడి పెట్టి ఇన్నింటినీ అందులో కూర్చోబెట్టే పట్టిక ఏ దేశంలోనూ రాయలేం. ఇంకా వెనక్కి వెళితే సంగతి మరీ చిక్కు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరులో దాదాపు 22 వేల శాతవాహన నాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. శాతవాహనులు సీసంతో, పోటిన్ అనే మిశ్రమ లోహంతో విరివిగా నాణేలు కొట్టినవాళ్లు. సీసం వాహకత రాగిలో పన్నెండో వంతు. గార్‌ఫీల్డ్ ఒంట్లో బెల్‌కు అందని గుండూ సీసమే. ‘పెద్ద అంకె అయితే విలువైనది, చిన్న అంకె అయితే చెత్త’ అనే సూత్రం తెలంగాణ చరిత్రలో రెండు వేల ఏళ్ల నాటి నాణేన్ని చెత్తలో కలిపేస్తుంది.

ఇక మద్నూర్ నేల. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పశ్చిమాన పారిన లావా గట్టిపడిన బసాల్టు రాయి తెలంగాణలోకి చొచ్చుకొచ్చిన అంచుల్లో మద్నూర్, జుక్కల్ ప్రాంతం ఒకటి. ఇక్కడి నల్లరేగడి ఆ రాయి చివికి పుట్టింది. తూర్పుకు పోయేకొద్దీ గ్రానైటు నేలలు, ఎర్ర చెలకలు తగులుతాయి. బసాల్టులో మాగ్నటైట్ లాంటి అయస్కాంత ఖనిజాల రేణువులు ఉంటాయి, మట్టిలోకీ వస్తాయి. కాబట్టి డిటెక్టర్‌కు నేలే ఒక పెద్ద వస్తువులా కనబడుతుంది, దాని మోతను తీసేశాక మిగిలినదాన్నే అది లోహంగా లెక్కిస్తుంది. హవాయి దీవుల్లో కహోఒలావె అనే దీవి మీద పేలని బాంబులను ఏరేటప్పుడు బసాల్టు మట్టి విద్యుదయస్కాంత పరికరాలను ఎంత విసిగించిందో ఆ రంగంలోనివాళ్లకు తెలుసు. లోతు మరో దెబ్బ. పోయే క్షేత్రం దూరపు ఘనంతో, తిరిగి వచ్చేది మళ్లీ ఘనంతో తగ్గుతుంది గనుక, చిన్న వస్తువు లోతు రెట్టింపైతే సంకేతం సుమారు 64 రెట్లు పలచబడుతుంది. అంత పలచనిదాన్ని ఖనిజాల మోత ఇనుము వైపు లాగేస్తే, జానెడు లోతున ఈక్వినాక్స్ మీద 30 చూపిన వెండి ఇంకా కిందికి పోయాక మేకులా పలకవచ్చు. లోతును చూసి వయసు కట్టడమూ ఇక్కడ కుదరదు. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు బారుతుంది, వానకు మూసుకుంటుంది. మొన్న పడిన నాణెం నెర్రెలోకి జారి తాతల నాటిదాని సరసన చేరుతుంది.

ఈ చిక్కులన్నీ పాతవనీ, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో పనిచేసే కొత్త యంత్రాలు వీటిని దాటేశాయనీ అంటారు. ఇందులో నిజముంది. నేల ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకలా, ఇంకోదాని దగ్గర ఇంకోలా స్పందించే తీరును పోల్చి, నేల వాటాను తీసివేయడంలో ఇవి ఒంటి ఫ్రీక్వెన్సీ యంత్రాల కన్నా ఎంతో మెరుగు. కానీ అవి శుభ్రం చేసేది అంకెను. సన్నని ఉంగరం, అంతే ఆలస్యం చూపే రేకు శుభ్రమైన అంకె దగ్గర కూడా ఒక్కచోటే నిలుస్తాయి. బండిచక్రపు ఇనుప పట్టా ముక్క, సీసా మూత లాంటి చదునైన, గుండ్రని ఇనుము తన ఆకారం వల్ల సుడి విద్యుత్తును బాగా తిప్పుకుని మంచి వాహకంలా నటించడమూ పూర్తిగా పోలేదు. ఖరీదైన కాటా తూకంలో తప్పు తగ్గిస్తుంది గానీ, పళ్లెంలో ఉన్నది బెల్లమో పటికో చెప్పదు.

రెండో వాదన దీనికి తలకిందులు: అంకె ఇంత అపనమ్మకమైనదైతే దాన్ని చూడటమెందుకు, మోగినచోటల్లా తవ్వితే పోలా? బాంబు స్క్వాడు చేసేది అదే, చేయాల్సిందీ అదే. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి వాహనం మీద మందుపాతరలు పేలిన సంగతి తెలుగువాళ్లకు గుర్తే. అలాంటిచోట ఒక్క సంకేతాన్ని చెత్త అనుకుని వదిలినా ప్రాణాలు పోతాయి, వంద మేకులు తవ్వితే వచ్చేది ఒళ్లు అలుపే. పైరున్న చేనులో లెక్క వేరు. ప్రతి మోతకూ గొయ్యి తీస్తే పత్తి మొక్కల వేర్లు తెగుతాయి, రైతు ఊరుకోడు. కాబట్టి అంకెను పారేయనక్కర్లేదు, దాని పక్కన మిగతా సాక్ష్యాన్ని కూర్చోబెట్టాలి. కాయిల్‌ను అటూ ఇటూ ఊపినా, తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగా ఊపినా అంకె ఒకటి రెండు గీతల లోపలే నిలబడుతోందా, ఎగిరి ఇనుములోకి దూకుతోందా? మోత చిన్న మేరలో తెగుతోందా, సాగుతోందా? నిలకడ లేని 35 కన్నా నిలకడగల 12 మేలు అన్నది నా తీర్పు.

కంపెనీ తెర వెనక దాచిన గుండుకు బదులు మన గుండు మనమే పెట్టుకోవడం కష్టమేమీ కాదు. వెండి రూపాయి, 1975 తర్వాతి రూపాయి, స్టీలు రూపాయి, పాత అల్యూమినియం పైసలు, ఒక ఉంగరం, ఎద్దు నాడా, సీసం ముక్క, మాత్రల రేకు తీసుకుని, సొంత చేనులో లోహం లేని చోట బెత్తెడు, జానెడు, మూరెడు లోతుల్లో పాతి గుర్తులు పెట్టాలి. నేలకు తగ్గట్టు యంత్రాన్ని సరిచేసుకుని, ఎండాకాలం ఒకసారి, వాన పడ్డాక ఒకసారి రాసుకోవాలి. ఆ కాగితమే మద్నూర్ పట్టిక. పక్క మండలంలోని ఎర్ర చెలకకు మళ్లీ వేరే రాసుకోవాల్సిందే.

ఇంత ఓపిక లేనివాళ్ల కోసమే గుప్తనిధుల బేరగాళ్లు ఉన్నారు. ‘వంద గజాల దూరం నుంచే బంగారం వైపు తిరుగుతుంది’ అంటూ రేడియో కడ్డీ ఉన్న పెట్టెలు అమ్మేవాళ్లకు భౌతికశాస్త్రంతో పని లేదు. ఏడీఈ 651 అనే అలాంటి బొమ్మను బాంబు డిటెక్టర్ పేరుతో ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. అసలైన డిటెక్టర్ అయినా సరే, రక్షిత కోటల్లో, పాత గుళ్లలో దాన్ని పట్టుకుని తవ్వడం నేరం. సొంత చేనులోనే ఏదైనా దొరికినా, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు.